దొరసాని మాటకి నా గొంతు

దొరసానుల పక్కన నిలబడి వాళ్ళ ఇంగ్లీషును తెలుగులో చెప్పే పనికి ఈ మధ్య అమ్మాయిలు బాగానే వస్తున్నారు. ఆసుపత్రి దొరసానికి ఒకరు కావాలి, బడుల దొరసానికి ఒకరు కావాలి, ఘోషా ఇళ్ళకి వెళ్ళే దొరసానికి ఒకరు కావాలి. మొన్న రాజమండ్రిలో అలా కొత్తగా చేరిన పిల్ల ఒకర్తె నన్ను చూడ్డానికి వచ్చి, "పని కష్టంగా ఉంటుందాండీ?" అని అడిగింది. ఉండదన్నాను. సంతోషంగా వెళ్ళిపోయింది. ఆ పిల్లకి సగమే చెప్పానని తరువాత అనిపించింది. మిగతా సగం ఇది.

తేదీలూ లెక్కలూ రాసుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఏ దొరసాని ఎప్పుడు ఓడ దిగింది, ఎప్పుడు ఎక్కింది, ఏ నెలలో నా జీతం పెరిగింది, అన్నీ నా దగ్గర ఉన్నాయి. అవి మీకు పనికిరావు. పనికొచ్చేది ఒక వేసవి సంగతి. అది చెప్పే ముందు ఈ పని ఎలాంటిదో చెప్పాలి.

"నేను" అనే మాట

దొరసాని "నేను" అంటే మనమూ "నేను" అనాలి. "అమ్మగారు ఏమంటున్నారంటే" అని మొదలుపెట్టకూడదు. అలా మొదలుపెడితే వినేవాళ్ళ కళ్ళు మన మీదకి తిరుగుతాయి, వాళ్ళకీ ఆవిడకీ మధ్య మనం అడ్డంగా నిలబడతాం. అందుకని నేను ఎన్నో ఊళ్ళలో, "నేను సముద్రాలు దాటి వచ్చాను, మా దేశంలో మంచు పడుతుంది, మా అమ్మ నన్ను తలుచుకుని ఏడుస్తుంది" అని చెప్పాను. నేను దాటిన పెద్ద నీళ్ళు గోదావరి ఒక్కటే. మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది.

రోజంతా అలా మాట్లాడి ఇంటికి వస్తే మాట్లాడటానికి మనిషి ఉండరు. పెళ్ళయిన మరుసటేడే ఆయన జ్వరంతో పోయారు. మిషను బడిలో చదువుకున్నదాన్ని కాబట్టి ఈ పని దొరికింది. మా తాతగారి నాటికి మేమూ ఊరి బయట పేటవాళ్ళమే. కానీ తెల్ల చీర కట్టుకుని దొరసాని వెంట వచ్చేదాన్ని కాబట్టి పేటవాళ్ళకి నేను బంగళా మనిషిని. బంగళాలో వాళ్ళకి పేట మనిషిని. సభలో నా కుర్చీ దొరసాని కుర్చీ పక్కనే వేసేవారు. భోజనం దగ్గరికి వచ్చేసరికి అది ఎక్కడ వేయాలో ఎవరికీ తోచేది కాదు. నేను వసారాలో తినేదాన్ని. ఇది ఫిర్యాదు కాదు. ఈ పనిలోకి వచ్చే పిల్ల ముందే తెలుసుకోవాల్సిన సంగతి.

నా మొదటి దొరసానికి తియ్యని మాటలే కావాలి. ఆడవాళ్ళు ఏదన్నా ఎత్తిపొడిస్తే, "అది నాకు చెప్పొద్దు" అనేది. ఆవిడ దగ్గర పని సుఖంగానే ఉండేది. ఆ సుఖంలో నేను ఏమీ నేర్చుకోలేదు.

తార్నమ్మగారు

తరువాత వచ్చినావిడ మిస్ థార్న్‌బీ. మనవాళ్ళ నోళ్ళలో తార్నమ్మగారు. ఇంగ్లండులో ఉత్తరాన నేత మిల్లుల ఊరు ఆవిడది. తండ్రి మిల్లులో నేతగాడు. ఆవిడా చిన్నప్పుడు పొద్దున మిల్లులో, మధ్యాహ్నం బడిలో ఉండేదట. పంతులమ్మ అయ్యి, మిషను పంపితే మా ఆడపిల్లల బడికి వచ్చింది. పొడుగు మనిషి, తొందర మనిషి. పడవ గట్టుకి తగలకముందే దూకేసేది. కూలి చేసేవాళ్ళు కూడబలుక్కుంటే చాలు, అడిగింది ఎందుకు రాదో చూద్దాం అనేది. అలాంటివాళ్ళని ఇప్పుడు సోషలిస్టులంటున్నారు. ఆ మాట అప్పటికి నాకు తెలియదు, ఆవిడా వాడలేదు.

ఆవిడతో వెళ్ళిన మొదటి సోమవారమే కాలవగట్టు పేటలో ఒక సంగతి జరిగింది. ఆవిడ నిలబడి ఆడపిల్లల చదువు గురించి చెబుతోంది. ముందు వరసలో ముసలి మరియమ్మ పక్కావిడ వైపు వంగి, "ఇంత పొడుగుందేంటే ఈవిడ! మొగుణ్ణి ఎతకడానికి సాలలేదేమో వాళ్ళ దేశం, ఇక్కడికొచ్చింది" అంది. అందరూ నోటికి చెంగులు అడ్డం పెట్టుకున్నారు.

తార్నమ్మగారు ఆగి, "ఏమన్నది?" అని నన్నడిగింది.

"ఊరికే ఏదో హాస్యం" అన్నాను.

"ఆ హాస్యమే కావాలి నాకు."

చెప్పాను. ఆవిడ పగలబడి నవ్వింది. "మా ఊళ్ళో కూడా ఇదే అంటారు. ఎంత వెతికినా నా పొడుక్కి తగ్గవాడు దొరకలేదని చెప్పు" అంది. చెప్పాను. మరియమ్మ లేచి నిలబడి, తన తల ఆవిడ భుజం దాకా కూడా రాకపోవడం చూపించి, "మావోళ్ళలో అసలు దొరకడమ్మా!" అంది. ఆ రోజు నుంచి పేట ఆవిడకి తలుపు తీసింది. వాళ్ళు నవ్వుకున్నదీ తిట్టుకున్నదీ ఒక్కటి వదలకుండా తనకి చెప్పాలని ఆవిడ నియమం. నేను పని నేర్చుకున్నది అక్కడ.

ఆవిడ లోపమూ రాస్తాను. ఆవిడ అడిగేది కానీ జవాబు పూర్తయ్యేదాకా ఆగేది కాదు. సగం వినగానే ఏం చేయాలో తేల్చేసేది. పేట ఆడవాళ్ళు సంగతిని చుట్టూ తిప్పి చెబుతారు, అసలు మాట చివర వస్తుంది. ఆ చివరి మాట ఎన్నిసార్లు నా దగ్గరే ఉండిపోయిందో.

నీళ్ళు

డెల్టాలో పుట్టినవాళ్ళకి చెప్పనక్కర్లేదు గానీ, బయటి పిల్లలూ ఇది చదవచ్చు. ఏటా వేసవిలో ధవళేశ్వరం దగ్గర నీళ్ళు వదలకుండా కాలువలు కట్టేస్తారు. పూడిక తీయాలి, పడవలు దాటించే లాకుల తలుపులు బాగుచేయాలి. మళ్ళీ వదిలేదాకా కాలవలో పడవ నడవదు, నీళ్ళు ఉండవు. అందుకని కట్టేసే ముందు ప్రతి ఊరూ తన చెరువు నింపుకుంటుంది. ఆ చెరువే ఆ వేసవికి ప్రాణం.

కాలవగట్టు పేటకి ఊరి చెరువులో కడవ ముంచే హక్కు లేదు. వాళ్ళకి చిన్న గుంట ఒకటి ఉంది. చేలకి నీళ్ళు తెచ్చే పంట బోదెలోంచి ఒక తూము గుండా దానిలోకి నీళ్ళు వచ్చేవి. ఆ తూము ఊరి కామందుగారి చేను గట్టు కింద ఉంది. పేట ఆడపిల్లలు బడికి వెళ్ళడం మొదలుపెట్టి, ఆయన చేలో కలుపుకి రావడం మానేసిన ఏడు ఆ తూముకి అడ్డంగా మట్టి పడింది. ఎవరు వేశారో ఎవరూ చూడలేదు.

ఆ వేసవి పేటవాళ్ళు ఎండిన కాలవలో చెలమలు తవ్వుకుని తాగారు. సత్తెమ్మ అనే ఆవిడ పెద్దపిల్ల వాంతులై పోయింది. నడక వచ్చి, మాటలు వస్తున్న పిల్ల. మరుసటేడు మళ్ళీ వేసవి వస్తోంది, నేను చెప్పాలనుకున్నది ఆ వేసవి సంగతే. సత్తెమ్మ చంకలో ఇంకో బిడ్డ ఉంది.

"కాలవ కట్టేసేలోపు మా గుంటలో నీళ్ళు పడాలమ్మగారూ" అంది సత్తెమ్మ తార్నమ్మగారితో. "ఇంకేం వద్దు. బడి పలకలూ వద్దు, పాటలూ వద్దు. నీళ్ళు."

చుట్టూ తిప్పకుండా చెప్పిన మాట పేటలో నేను విన్నది అదొక్కటే.

తార్నమ్మగారు నేరుగా కామందుగారింటికి వెళ్ళింది. ఆయన మర్యాదస్తుడు. అరుగు మీద కుర్చీ వేయించి, కొబ్బరినీళ్ళు ఇప్పించారు. అంతా విని, "అదేంటండీ, ఆ ఆడవాళ్ళు ఒక్కరూ వచ్చి నన్నడగలేదే! అడిగితే నేను కాదంటానా? మీరెందుకండీ ఎండనపడి రావడం?" అన్నారు.

అడగడానికి వాళ్ళు ఆ అరుగు దగ్గరికి రాకూడదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన మాట ఆయన గొంతులో ఎంత తియ్యగా ఉందో అంత తియ్యగానూ తెలియజెప్పాను. తార్నమ్మగారు కొబ్బరినీళ్ళు తాగకుండా లేచింది.

బంగళాకి వచ్చాక మిషను పెద్దదొర ఆవిడని పిలిచి, "మీరు వచ్చింది బడి చెప్పడానికా, కామందులతో తగవు పెట్టుకోవడానికా?" అని అడిగారు. ఆ మాట తెలుగు చేయాల్సిన అవసరం రాలేదు. కిటికీలోంచి విన్నాను.

లాకుల బంగళాలో విచారణ

కాలువ కట్టేసే ముందు ఇంజనీరు దొర లాకుల బంగళాకి వస్తారు. ఆ ఏడు వచ్చిన దొర ఈ సీమకి కొత్త. తార్నమ్మగారు చెప్పింది విని, "బడి దొరసాని మాట మీద నేను గట్టు తవ్వించలేను. నీళ్ళు కావలసినవాళ్ళు వచ్చి చెప్పాలి" అన్నాడు. న్యాయంగానే ఉంది. ఆవిడకీ అదే కావాలి. మరునాడు పేట ఆడవాళ్ళని వెంటబెట్టుకుని గట్టంట నడిచి వెళ్ళాం. మగవాళ్ళు కూలికి పోయారు. వాళ్ళు వచ్చినా కామందుగారికి ఎదురుగా నోరు విప్పరని సత్తెమ్మే చెప్పింది. కామందుగారు అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నారు.

నన్ను పక్కన కూర్చోమన్నారు. నేను దొరసాని మనిషిని కాబట్టి విచారణలో తెలుగు చెప్పే పని ఇంజనీరు దొర గుమాస్తాది. ఆ గుమాస్తాగారు ఊరి పెద్దలకి కావలసిన మనిషి.

సత్తెమ్మ ముందుకి వచ్చింది.

"పేరు?"

"సత్తెమ్మండి."

"మొగుడి పేరు?"

సత్తెమ్మ తల వంచుకుంది.

"నిన్నే! మీ ఆయన పేరేంటి?"

సత్తెమ్మ కాలి బొటనవేలితో నేల గీస్తోంది. గుమాస్తాగారు ఆవిడని పక్కకి పంపి తరువాతావిడని పిలిచారు. ఆవిడా అంతే. ఆ తరువాతావిడ మొహానికి చెంగు కప్పుకుంది. మొగుడి పేరు నోటితో అంటే ఆయనకి ఆయుష్షు తగ్గుతుందని నమ్మే ఆడవాళ్ళు మరి. బాప్తిస్మం తీసుకున్నారు కానీ ఆ నమ్మకం పోలేదు. ఆ మాటకొస్తే నాలోనూ పోలేదు. ఆ ప్రశ్న వస్తుందని మాలో ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే పేటలో ఆ ప్రశ్న ఎవరూ ఆడదాన్ని అడగరు.

గుమాస్తాగారికి ఆ ఆచారం తెలియదా? వాళ్ళింట్లో ఆవిడ ఆయన పేరు పలుకుతుందా? కానీ ఆయన దొర వైపు తిరిగి ఇంగ్లీషులో, "వీళ్ళకి మొగుళ్ళ పేర్లు కూడా తెలియవండి. ఈ ఊరివాళ్ళు కారు. ఎక్కడినుంచో తీసుకొచ్చినట్టున్నారు" అన్నారు. దొర ఇక లేవబోతూ టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

నేను తార్నమ్మగారి చెవిలో జరుగుతున్నది చెప్పాను. ఆవిడ ఎప్పట్లాగే సగమే విని లేచింది. ఆడవాళ్ళ వైపు తిరిగి, "చెప్పండి! అది మనిషి పేరే కదా, నోట్లో పెట్టుకుంటే కరుస్తుందా? ఒక్క పేరు కోసం నీళ్ళు పోగొట్టుకుంటారా?" అంది. ఆ కోపమంతా నేను తెలుగులో వాళ్ళ మీద పోయాల్సి వచ్చింది. "నేను" అనే మాట ఆ రోజు పలికినంత బరువుగా ఎప్పుడూ పలకలేదు.

సత్తెమ్మ తలెత్తింది. ఆవిడ చూసింది దొరసానిని కాదు, నన్ను. "ఒక బిడ్డని పాతిపెట్టాను. ఆయన్ని కూడా పోగొట్టుకోమంటారా? మొగుడున్న ఆడదానికైతే తెలిసేది" అంది.

అది ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క అక్షరం తగ్గించలేదు. ఆ మాట తార్నమ్మగారికి ఎంత తగిలిందో తెలియదు, నాకు తగిలింది. ఆవిడ మొహం ఎర్రబడింది. కూర్చుంది. మొదటిసారి ఆవిడ తొందరపడకుండా, "మరి వాళ్ళ పేటలో ఆ పేరు కావలసివస్తే ఎవరు చెబుతారు?" అని నన్నడిగింది.

నేను జవాబు చెప్పేలోపు వెనక నుంచి ముసలి మరియమ్మ ముందుకి వచ్చింది. ఏం జరుగుతోందో ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"దీని మొగుడు నాకు మేనల్లుడండి బాబూ. పేరు ప్రకాశం. లాకుల కాడ మట్టి పని సేత్తాడు. ఏటా ఇక్కడ పూడిక తట్ట మోసేది ఆడేనండి."

"నిన్నెవరడిగారే?" అన్నాడు గుమాస్తా.

"మీరడగలేదండి. అడక్కపోయినా సెప్తానండి, ఆయ్."

ఇంజనీరు దొర ఏమిటని నన్నడిగాడు, గుమాస్తాని కాదు. చెప్పాను. అతను టోపీ కింద పెట్టాడు. "అయితే ఒకావిడ మొగుడి పేరు పక్కావిడ చెప్పొచ్చు" అన్నాడు.

సత్తెమ్మ పక్కన ఉన్నది శాంతమ్మ. ఆ ఇద్దరికీ ఒక కోడిపెట్ట విషయంలో మాటలు లేవని పేటంతటికీ తెలుసు. వరసంతా సత్తెమ్మ వైపే చూసింది. సత్తెమ్మ ముక్కు ఎగబీల్చి, "దీని మొగుడు ఏసయ్య. మంచోడే. ఇదే..." అని ఆగింది.

"ఇదే ఏంటి? సెప్పు, దొరగారు రాసుకుంటారు!" అంది శాంతమ్మ.

"ఇదే నా కోడిని కోసుకుంది."

"కుక్క ఈడ్సుకుపోయిందని ఎన్నిసార్లు సెప్పాలే నీకు?"

దొర నా వైపు చూశాడు. అదీ చెప్పాను. నవ్వకుండా చెప్పడం చాలా కష్టమయింది. ఆ తరువాత శాంతమ్మ తన పక్కావిడ మొగుడి పేరు చెప్పింది, ఆవిడ తన పక్కావిడ మొగుడి పేరు చెప్పింది, వరస చివరిదాకా అలాగే వచ్చింది. చివరావిడకి పక్కన ఎవరూ లేకపోతే, తన మొగుడి పేరు చెప్పించుకోవడానికి మరియమ్మ నడిచి వచ్చి ఆవిడ పక్కన నిలబడింది. పేర్లన్నీ అయ్యాక దొర, "ఇప్పుడు నీళ్ళ సంగతి చెప్పండి" అన్నాడు. అది ఎవరికి వాళ్ళు చెప్పారు. దానికి ఎవరూ పక్కావిడ కోసం చూడలేదు.

దొర అప్పుడే లేచి బోదె గట్టంట నడిచాడు. తూముకి అడ్డం పడ్డ మట్టి మీద గడ్డి మొలిచి ఉంది. కాలవ పని చూసే లస్కరు పార వేశాడు. కామందుగారు గొడుగు కింద నిలబడి, "అడిగితే నేనే తీయించేవాణ్ణి కదండీ" అన్నారు. ఆ మాట ఎవరూ నన్ను తెలుగు నుంచి ఇంగ్లీషు చేయమనలేదు. నేనూ చేయలేదు.

సాయంత్రానికి గుంట అడుగు తడిసింది. ఆడవాళ్ళు తార్నమ్మగారిని నులక మంచం మీద కూర్చోబెట్టి, చుట్టూ కింద కూర్చున్నారు. మరియమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదో పాడుతోంది. సత్తెమ్మ బిడ్డని ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఆవిడకి తెలుగు రాదు, వాళ్ళకి ఇంగ్లీషు రాదు, ఎవరూ నా కోసం చూడలేదు. నేను కాసేపు గుంజకి ఆనుకుని నిలబడి, పడవ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.

ఆవిడ వెళ్ళాక

ఆ తూము సంగతికి మిషను పెద్దదొర ఆవిడని పనిలోంచి తీసేశారు. కాలువ కట్టేయకముందు నడిచిన చివరి పడవల్లో ఒకదానిలో ఆవిడ కాకినాడ ఓడరేవుకి బయలుదేరింది. రేవులో నన్ను చూసి, "నువ్వేం చేస్తావిప్పుడు?" అని అడిగింది. అన్నేళ్ళలో నన్ను నా గురించి అడిగిన మొదటి ప్రశ్న. ఆవిడ ఇంగ్లీషు నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. ఆ ఒక్క ప్రశ్నని మాత్రం లోలోపల రెండుసార్లు తెలుగు చేసుకోవాల్సి వచ్చింది. ఈసారి ఆవిడ చివరిదాకా ఆగింది. పడవవాడు ఆగలేదు.

ఇంగ్లండులో ఆవిడ ఏం చేసిందో పత్రికల్లో చదివాను, అప్పుడప్పుడు ఆవిడా రాసేది. మిల్లు గేటు ముందు బండి ఎక్కి మాట్లాడేదట. కుళ్ళిన కూరగాయలు విసిరారట. ఊరి బడుల్ని నడిపే స్కూలు బోర్డు ఎన్నికకి నిలబడి ఒకసారి ఓడి, ఆ తరువాత గెలిచింది. ఆకలితో బడికి వచ్చే పిల్లలకి అక్కడే అన్నం పెట్టాలని కొట్లాడింది. మళ్ళీ ఓడింది, మళ్ళీ నిలబడింది. పార్లమెంటుకి నిలబడే హక్కు వాళ్ళ దేశంలో ఆడవాళ్ళకి లేదు, లేకపోతే అక్కడికీ పరుగెత్తేది. కూలివాళ్ళ పక్షాన నిలబడ్డ దొరసానులని తరువాత మరికొందరిని చూశాను. వాళ్ళలో ఎక్కువమంది కూలివాళ్ళ కష్టాన్ని ప్రేమించారు. తార్నమ్మగారు వాళ్ళ ఎత్తిపొడుపుల్ని కూడా ఇష్టపడింది. అందుకే ఆవిడ తొందరని క్షమించగలిగాను.

ఆవిడ వెళ్ళిన మరుసటి వేసవి. కాలువ కట్టేసే రోజులు దగ్గరపడ్డాయి. తూముకి మళ్ళీ మట్టి పడిందని చేపలమ్మే ఆవిడ చెప్పింది. పేటవాళ్ళు నా కోసం వస్తారనుకున్నాను. వాళ్ళకి దొరసాని లేదు, నేనన్నా ఉన్నాను కదా. ఇంజనీరు దొర వచ్చారని తెలిసిన పొద్దున చలువ చీర కట్టుకుని వసారాలో కూర్చున్నాను. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. ఎవరూ రాలేదు. నేనే లాకులకి నడిచాను.

నేను వెళ్ళేసరికి అయిపోయింది. ఆడవాళ్ళు బంగళా మెట్లు దిగి వస్తున్నారు. సత్తెమ్మ ముందు నడుస్తోంది. చంకలో నిరుటి బిడ్డ చెంగు పట్టుకుని లాగుతున్నాడు. పక్కన శాంతమ్మ.

"ఏంటమ్మగారూ, ఇటొచ్చారు?" అంది సత్తెమ్మ.

"ఊరికే. ఏమన్నారు దొరగారు?"

"తీయిస్తామన్నారండి. లస్కరు ఎల్లాడు."

"మీ మాట దొరకి చెప్పింది ఎవరు? గుమాస్తాగారేనా?"

"ఆయనేనండి. మేం ఇంత సెప్తే దొరకి రెండు ముక్కలే సెప్పాడు. ఇది సరిగ్గా సెప్పమని కేకలేసింది" అని శాంతమ్మని చూపించింది. "ఎండలో నిలబడకండమ్మగారూ, ఎల్లొస్తాం."

వాళ్ళు గట్టంట వెళ్ళిపోయారు. ఒకరి మాట ఒకరు అందుకుంటూ, నవ్వుకుంటూ, మధ్యలో కోడిపెట్ట గురించి మళ్ళీ వాదించుకుంటూ. నేను బాగా వెనకగా నడిచాను. తూము దగ్గర లస్కరు మట్టి లాగేశాడు. నీళ్ళు ముందు నురగతో, ఆ తరువాత గట్టిగా చప్పుడు చేస్తూ గుంటలోకి దిగాయి. పేట అవతల ఒడ్డున ఉంది, నేను ఇవతల ఒడ్డున ఉన్నాను. ఆ చప్పుడు రెండు ఒడ్లకీ ఒకేలా వినిపిస్తోంది. దాన్ని ఎవరికీ ఏ భాషలోనూ చెప్పనక్కర్లేదు. ఆ చప్పుడు సద్దుమణిగేదాకా అక్కడే నిలబడి, ఇంటికి వచ్చాను.